క్రిస్టల్లా వంతు నీళ్ళు

క్రిస్టల్లా నిమ్మచెట్లకు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఎలా వస్తున్నాయని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. నాకు మాత్రం అడగాలని నాలుక దురదగా ఉండేది. చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బే అది.

డెబ్భై నాలుగులో యుద్ధం సైప్రస్‌ను రెండుగా కోసినప్పుడు మా ఊరు గీతకు దక్షిణాన పడింది. ఊరికి నీళ్ళిచ్చే ఊట ఉత్తరాన టర్కిష్ సైన్యం చేతిలోకి పోయింది. రెండు సైన్యాల మధ్యనున్న నేల పట్టీలో నీలిటోపీల శాంతిసేన దిగింది. క్రిస్టల్లా నలభై రెండు నిమ్మచెట్లూ ఆ పట్టీలోనే ఉన్నాయి. పెళ్ళయిన ఏడాది ఆవిడే తన చేత్తో నాటింది వాటిని. మొగుడు లొయిజోస్ యుద్ధానికి ముందే పోయాడు, పిల్లల్లేరు. మనిషి పొట్టి, నోరు గట్టి. శాంతిసేన అనుమతి చీటీ ఇవ్వడం మొదలుపెట్టిన రోజునే గాడిద మీద నీళ్ళ డబ్బాలు వేసుకుని పట్టీలోకి పోయింది. "మొగుడు పోతే ఏడ్చి ఊరుకున్నాను. ఇవి పోతే నేను బతకను" అని నాతోనే ఎన్నోసార్లు అంది.

రెండేళ్ళు అలా డబ్బాలు మోసింది. మూడో ఎండాకాలం ఒకనాడు తెల్లవారేసరికి, ఊట నుంచి తోటకొచ్చే ఎండిన కాలవలో నీళ్ళు పారుతున్నాయి. ఇక అప్పటినుంచి మూడురోజులకోసారి వస్తూనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళు వచ్చాయి.

"ఎవరు వదులుతున్నారక్కా?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఇంకెవరురా, షెఫికా. ఊట దగ్గర కాలవకు అడ్డమున్న ఆ పలక ఎత్తడం దానికి తప్ప ఎవరికి చేతనవును? నోరు మూసుకుని ట్రాక్టరు తోలు."

షెఫికా యుద్ధానికి ముందు మా ఊరి టర్కిష్ మనిషే, యుద్ధంలో తనవాళ్ళతో గీత దాటి ఊట వైపుకి పోయింది. వాళ్ళ చిక్కుడుమడి, క్రిస్టల్లా తోట ఒకే కాలవ మీద ఉండేవి. నీళ్ళ వంతులు మా తాతల నాటినుంచీ నీడతోనే తేల్చేవాళ్ళం. పొద్దు పొడిచినప్పటినుంచి మనిషి నీడ ఏడు అడుగులకు తగ్గేదాకా ఒకరి వంతు, ఆ తర్వాత రెండోవారిది. ఎవరి నీడను వాళ్ళ పాదాలతోనే కొలుచుకోవాలి. పొట్టివాడి పాదమూ పొట్టిదే కాబట్టి లెక్క తేడా రాదు. అందుకే ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ గడియారం గానీ, కబురు గానీ అక్కర్లేకపోయింది. ఇక్కడ ఈవిడ కొలిచి మడవ కట్టేసేది, అక్కడ ఆవిడ కొలిచి పలక దించేది. ఇరవై ఏళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నీలిటోపీలు ఆరునెలలకోసారి మారిపోతారు. ఏ మేక ఎవరిదో తెలిసేసరికి పెట్టె సర్దుకుంటారు. కుర్రతనంలో బ్రిటిష్ వాళ్ళ శిబిరంలో వంట చేశాను గనక నాకు ఇంగ్లీషు వచ్చు. ఏ అవసరమొచ్చినా నన్నే పిలుస్తారు. తొంభై ఎనిమిది వసంతంలో ఒక కెప్టెన్ వచ్చాడు. ఎండకు చెవులు ఎర్రగా కమిలిన మంచి పిల్లాడు. మంచివాడు కావడమే మా ఖర్మ అయింది.

అతను ఒకరోజు దుర్భిణీ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఆ ముసలావిడ మూడురోజులకోసారి అదే వేళకు అడుగులో అడుగు వేసుకుంటూ నేల కొలుస్తోంది. గీత ఎంత దూరమో లెక్కపెట్టి ఎవరికి చెబుతోంది?"

నాకు నవ్వాగలేదు. గూఢచారి క్రిస్టల్లా! ఆవిడ మీద నింద పడుతుందన్న భయంతో కొంత, నాకు తెలిసింది చెప్పుకోవాలన్న సరదాతో కొంత, నీడ సంగతి, పలక సంగతి, షెఫికా సంగతి మొత్తం చెప్పేశాను.

కెప్టెన్ కళ్ళు మెరిశాయి. "ఎంత గొప్ప విషయం! దీన్ని కాగితం మీద పెట్టి రెండు వైపులా అనుమతి తీసుకుంటాను. ఆవిడకిక ఏ భయమూ ఉండదు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా దగ్గర అది తిరగబడింది. అడగనంతకాలం కాలవ ఎవరికీ కనపడలేదు. కాగితం వెళ్ళాక మావాళ్ళు, అవతలి నుంచి నీళ్ళు తీసుకుంటే వాళ్ళ ప్రభుత్వాన్ని ఒప్పుకున్నట్టేనని కాదన్నారు. అవతలివాళ్ళు, పై నుంచి ఉత్తర్వు లేందే చుక్క కూడా వదిలేది లేదన్నారు. పలకకు తాళం పడింది. అప్పటికి జూన్.

"నీ నోరు పడిపోను! కాదనేవాళ్ళ చేత కాదనిపించడానికా వాణ్ణి ఎగేశావు?" అని క్రిస్టల్లా నడివీధిలో నా మీద విరుచుకుపడింది. మర్నాటి నుంచి రోజూ ట్రాక్టరు మీద పీపాలతో నీళ్ళు మోశాను. ఆ ఎండల్లో నలభై రెండు చెట్లకు అవి ఏ మూలకు?

కెప్టెన్ నిజంగానే బాధపడ్డాడు. తిరిగి తిరిగి ఒక మార్గం పట్టుకొచ్చాడు. రాజధానిలో పట్టీ మధ్యనున్న హోటల్లో రెండువైపుల రైతులకూ పరస్పర విశ్వాసం పెంచే సమావేశం. చల్లటి గది, బిస్కెట్లు, విదేశాల నుంచి వచ్చిన ఒక నిపుణురాలు. క్రిస్టల్లా, నేనూ వెళ్ళి కూర్చున్నామో లేదో, తలుపు తెరుచుకుని కర్ర పట్టుకున్న షెఫికా లోపలికొచ్చింది.

"బతికే ఉన్నావుటే, పొట్టిదానా!" అంది మా గ్రీకులోనే.

"నీ వంతు నీళ్ళు కూడా తాగి చద్దామని ఆగానే" అంది క్రిస్టల్లా. ఇద్దరూ కావిలించుకుని వెక్కివెక్కి ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది.

నిపుణురాలు చప్పట్లు కొట్టింది. ఒకరు కళ్ళు మూసుకుని వెనక్కి పడాలి, రెండోవారు పట్టుకోవాలి, అదే నమ్మకానికి తొలిమెట్టు అని చెప్పింది. డెబ్భై ఏళ్ళవాళ్ళు, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు.

"పడడం కాదమ్మా, ఆ తాళం తీయించండి" అంది షెఫికా. నేను ఇంగ్లీషులో చెప్పాను. నీళ్ళ సంగతి రాజకీయమని, ఈరోజు కార్యక్రమంలో లేదని నిపుణురాలు నొచ్చుకుంటూ చెప్పింది. ఫొటో తీసి పంపించేశారు.

ఆగస్టులో ఆకులు ముడుచుకున్నాయి. తర్వాత రాలాయి. క్రిస్టల్లా కొమ్మ కొమ్మా గోటితో గీకి పచ్చిదనం ఉందేమోనని చూసేది. లేకపోతే ఆ చెట్టు కిందే కాసేపు కూర్చుని లేచేది. నాతో మాట్లాడ్డం మానేసింది.

సెప్టెంబరులో పాత కెప్టెన్ పోయి కొత్తాయన వచ్చాడు. లావుపాటి ఫైలు చంకన పెట్టుకుని తిన్నగా తోటకే వచ్చాడు. "నీళ్ళ సమస్య ఉందని ఇందులో రాసి ఉంది. నేను పై అధికారుల దాకా తీసుకెళతాను. ఆవిడ ఏమంటుందో అడగండి."

క్రిస్టల్లా చాలా రోజులకు నా మొహంలోకి చూసింది. "ఒరే హంబీ, నాకు నీళ్ళ బాధేమీ లేదని చెప్పు. ఎప్పుడూ లేదని చెప్పు. ఈసారన్నా సరిగ్గా చెప్పు."

చెప్పాను. ఆయన మోడుల వైపు చూశాడు. "మరి ఇవి?"

"ముసలి చెట్లండీ. వయసైపోయి పోయాయి."

ఆయన సమస్య తీరిపోయిందని ఫైల్లో రాసి సంతకం పెట్టాడు. ఆ కబురు రెండు సైన్యాలకూ వెళ్ళింది. లేని సమస్యకు కాపలా ఎందుకనుకున్నారో ఏమో, తాళం ఎవరు తీశారో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. పదోనాడు తెల్లవారుజామున కాలవలో నీళ్ళు వచ్చాయి.

అప్పటికి పన్నెండు చెట్లు బతికున్నాయి. క్రిస్టల్లా పార పట్టుకుని ఒక్కోదాని పాదు నింపుకుంటూ వచ్చింది. చివరి పాదు కూడా నిండి పొంగింది. వంతు ఇంకా సగం కూడా కాలేదు.

"ఎక్కువయ్యాయిరా హంబీ" అంది.