తొమ్మిది కుండీల జలదీక్ష

తొమ్మిది ప్రాణాలను నీళ్లలో ముంచి తీసిన చరిత్ర నాది. పోలీసులకు చెప్పకండి, పోయినవి పూలమొక్కలు. పైగా నేను చేసింది హత్య కాదు, సేవ. కాకపోతే అంత పట్టుదలగా సేవ చేస్తే ఎవరు మాత్రం బతుకుతారు?

నాలుగేళ్ల కిందట మదనపల్లెలో టీచరుగా చేరాను. ఆ వీధిలో పెళ్లికాని వాడికి ఇల్లివ్వడమంటే వంటింట్లోకి కోతిని పిలవడమే. ఏడు గుమ్మాలు ఎక్కి దిగాక సరోజమ్మగారు మేడమీద గది ఇచ్చారు, అదీ ఒక నెల చూసి చెబుతానన్న షరతుతో. ఆ నెలలోనే ఆమె కూతురి కాన్పుకని కుప్పం బయల్దేరుతూ, కిటికీ దగ్గరి తొమ్మిది ఆఫ్రికన్ వయొలెట్లను నాకు అప్పగించారు. చిన్న ప్లాస్టిక్ కుండీలు, నూగు ఆకులు, ఊదారంగు పూలు.

"పైన పోయగూడదప్పా. ఆకుమింద నీళ్లు పడితే మచ్చలొస్తాయి. తాంబాళంలో నీళ్లు పోసి కుండీలు దాంట్లో పెట్టు. కింద బొక్కల్లోంచి అవే తాగతాయి. అరగంటకి ఎత్తేసి, మిగిలిన నీళ్లు పారబోయి."

"అట్లే అమ్మా."

"ఇవి బాగుంటే నువ్వు ఈడ ఉండొచ్చు. లేకుంటే పెట్టె సర్దుకో."

నీళ్ల గురించి ఆమె చెప్పిందంతా పాటించాను, అరగంటకి ఎత్తేసి పారబోయమన్నది తప్ప. నేను పుట్టింది చుక్క నీటికీ కరువైన పెద్దమండ్యంలో. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, చెయ్యి కడిగిన నీళ్లు బీరపాదుకు పోవాలి. చెంబెడు నీళ్లు ఊరికే ఒలకబోసిన కోడలి గురించి మూడు తరాలు చెప్పుకుంటారు. అలాంటి వంశంలో పుట్టి, శుభ్రమైన నీళ్లను మోరీలో ఎలా పోసేది? దాహమైనప్పుడు తాగుతాయిలే అని కుండీలను తాంబాళంలోనే వదిలేశాను. రోజూ తగ్గినంత నింపాను.

వారానికి ఫోనొచ్చింది.

"చెట్లెట్లుండాయప్పా?"

"బాగా తాగతాండాయమ్మా."

"పూలు?"

"తలొంచుకోనుండాయి."

"యాల?"

"మీరు లేరని బెంగేమో."

"పాపం. ఇంకో వారంలో వస్తానని చెప్పు."

వెళ్లి చెప్పాను కూడా. అవి ఇంకా వాలిపోయాయి. వాడిన మొక్కకు ఏం కావాలి? మా మెట్టభూమి బుద్ధికి ఒకటే జవాబు తెలుసు. తాంబాళం అంచుదాకా నింపాను.

పదో రోజుకు కాడలు మెత్తబడ్డాయి. ఒక కుండీని తువ్వాలులో చుట్టుకుని, నర్సరీలో చూపిద్దామని పుంగనూరు బస్సెక్కాను. పక్కసీటు అవ్వ తువ్వాలు తొలగించి తొంగిచూసింది.

"బాగా ఉడికిందే. పప్పులోకా, తాళింపుకా నాయనా?"

నర్సరీ బాషాభాయ్ కుండీని అరచేతిలో పెట్టి మట్టి నొక్కాడు. నీళ్లు మోచేతిదాకా కారాయి.

"ఏంది సార్, శెనగలు నానబెట్టినట్టు నానబెట్టినారు?"

"నీళ్లు సాలక వాడిపోయిందనుకున్నా భాయ్."

"నీళ్లు సాలకున్నా వాడతాది, ఎక్కువై వేరు కుళ్లినా వాడతాది. మన్ను ముట్టి సూడాల. అరగంటకి తీసి, మిగిలిన నీళ్లు పారబోస్తిరా?"

"నీళ్లెట్ల పారబోస్తారు భాయ్?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "యా ఊరు సార్ మీది?"

"పెద్దమండ్యం."

"ఆ. అడగాల్సిన పనే లేకపోయె." కుండీలోంచి ఒక గట్టి ఆకు కోసి చేతిలో పెట్టాడు. "ఇట్లాటివి ఏరి పొడిమన్నులో గుచ్చండి. పిల్లలొస్తాయి. పూసేదానికి ఎనిమిది నెలలు పట్టొచ్చు."

సరోజమ్మగారు కుప్పం నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర తొమ్మిది కుండీలు, కుండీకొక ఆకు. పక్కనే నా పెట్టె, సర్దేసి. జరిగిందంతా చెప్పాను. ఆమె ఒక్కో ఆకునూ వేలితో తట్టి లెక్కపెట్టారు.

"ఎనిమిది నెల్లా?"

"అవునమ్మా. నేను ఈరోజే ఖాళీ చేస్తా."

"యాడికి పోతావు? నా చెట్లు చంపి, ఆకులు నా మొగాన పెట్టి పోతావా? ఈ తొమ్మిదీ పూలు పూసేదాకా గడప దాటితే చూడు. ట్రాన్స్‌ఫరొచ్చినా సరే, నేనొచ్చి మీ హెడ్మాస్టరుతో మాట్లాడతా."

ఎనిమిది పూశాయి. తొమ్మిదోది మొగ్గ వేసినప్పుడల్లా రాల్చేసి, నాలుగేళ్లుగా నన్నిక్కడే కట్టిపడేసింది.

కాబట్టి పాఠకులారా, ఏ మొక్కనూ అరగంట దాటి నీళ్లలో నిలబెట్టనని తూర్పుముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. గడియారం చేత్తో పట్టుకుని సరోజమ్మగారు ఎదురుగానే ఉన్నారు. ఇరవై తొమ్మిది నిమిషాలైందట. ఉంటాను.