సూది గుచ్చినా తెలియని వేళ్లు

తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను ఖానాపూర్ వైపు ఓ చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. ల్యాబ్ అంటే ఒక మైక్రోస్కోపు, ఒక బల్ల, నేను. రక్తం పరీక్షించి అంకె రాయడం వరకే నా పని. జబ్బు పేరు చెప్పే అధికారం డాక్టరమ్మది.

రాజవ్వ బీడీలు చుట్టే మనిషి. నలభై దాటి ఉంటాయి. మొదటిసారి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ ఆరు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చాం. నెలకు ఎనిమిది, రెండో నెలకు తొమ్మిది అయింది. డాక్టరమ్మ మెచ్చుకుంది, నేనూ మురిసిపోయాను.

మూడో నెల వచ్చినప్పుడు వేలికి సూది గుచ్చి, రక్తం తీసుకుని, దూది అదిమాను. ఆమె కిటికీ వైపే చూస్తోంది.

"జల్ది గుచ్చు సారూ, ఇంటికాడ బీడీలున్నయి" అంది.

నాకు నవ్వొచ్చింది, కానీ నిలవలేదు. ఆకు కత్తిరించీ కత్తిరించీ చర్మం మొద్దుబారిందేమో అనుకుని ఎడమచేతి చిటికెన వేలు గుచ్చాను. అదీ తెలియలేదు.

"కాళ్లు సుత గంతే సారూ. చెప్పు ఊడిపోతే ఎనుకొచ్చెటోళ్లు చెప్తేనే ఎరుక. బీడీలు లూజ్ అయితున్నయని కంపెనీల వాపస్ ఇస్తుండ్రు. రగతం పెరుగుతుందంటిరి గద, గదే మంచిగైతదనుకున్న."

రక్తం పెరుగుతుంటే వేళ్లు మొద్దుబారడమేమిటి? అప్పుడు గానీ స్లైడు మీద రక్తం పరిచి, రంగు వేసి చూడాలని తోచలేదు. ఎర్ర కణాలు ఉండవలసిన దానికంటే పెద్దవి, కొన్ని కోలగా ఉన్నాయి. తెల్ల కణాల్లో మామూలుగా మూడు నాలుగు తునకలుగా కనిపించే కేంద్రకం ఆరు తునకలుగా ఉంది. స్లైడు పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను.

ఆమె చూసి, రాజవ్వను ఏం తింటావని అడిగింది. పండరి భజనలో చేరి తులసి మాల వేసుకుని ఏడేళ్లయిందట. ఆ మాల నియమం ప్రకారం మాంసం, గుడ్డు మానేసింది. బర్రె పాలన్నీ డెయిరీకే పోతాయి. బి-పన్నెండు విటమిన్ మనకు దొరికేది ముఖ్యంగా వాటిలోనే. అది లేకపోతే ఎముకల మూలుగలో కణాలు పెద్దవవుతాయి గానీ సరిగ్గా విభజన చెందవు. ఫోలిక్ యాసిడ్ రక్తంలో ఆ లోటును కొంత కప్పిపుచ్చుతుంది, నరాలను మాత్రం కాపాడలేదు.

గుడ్డు తినమంటే, "మాల తియ్య. సూదులు ఎన్నన్న ఏయుండ్రి" అంది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఆరు నెలలకు వేళ్లు తేరుకుని మళ్లీ బీడీలు చుట్టింది. పాదాలకు స్పర్శ పూర్తిగా రాలేదు. ముందే దొరికి ఉంటే వచ్చేదేమో అంది డాక్టరమ్మ. నాకు సిగ్గేసింది. మొదటి మూడు రిపోర్టుల కిందా సంతకం నాదే.

హిమోగ్లోబిన్ అంకె రక్తం ఎంత ఉందో చెబుతుంది, ఎలాంటిదో చెప్పదు. అది తెలియాలంటే స్లైడు చూడాలి. దానికి అరగంట పడుతుంది. ఆ అరగంట నేను మొదటి రోజే వెచ్చించలేదు.