కోడూరు గేదె యోగక్షేమాలు

ఆ రోజుల్లో నాకు ఏ జంతువు ఎదురొచ్చినా ముందు దాని ఎముకలే కళ్ళకు కట్టేవి. వయసు అలాంటిది, చదువూ అలాంటిదే. పురావస్తు శాఖలో పరిశోధన చేస్తున్నాను. తవ్వకాల్లో దొరికిన ఎముక ముక్క ఏ జంతువుదో తేల్చాలంటే, పక్కన పెట్టి పోల్చుకోవడానికి మనకు తెలిసిన జంతువు అస్థిపంజరం ఉండాలి. వాటిని సేకరించే పని మా ప్రొఫెసర్‌గారు నాకు అప్పగించారు. మేక, కుక్క, పంది దొరికాయి. (గుడివాడ నుంచి పంది తలను గోనెసంచిలో తెచ్చిన రోజు, బస్సులో జనం నిలబడి ప్రయాణం చేశారు గానీ మచిలీపట్నం దాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు.) గేదె మాత్రం దొరకలేదు. ఆవు ఎముకకూ గేదె ఎముకకూ తేడా చూపించకపోతే నా థీసిస్ కదలదు.

సరిగ్గా అప్పుడే కోడూరులో మా పిన్ని పక్కింటాయన ముసలి గేదె జబ్బుపడింది. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మావయ్యగారనే పిలిచేదాన్ని. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా బస్సెక్కి వెళ్ళి, గేదెకు ఎలా ఉందని అడిగేదాన్ని. మొదట్లో ఆయన మురిసిపోయారు. తర్వాత మా పిన్ని గొప్పకు పోయి, మా అమ్మాయి చచ్చిన గొడ్ల ఎముకలు ఉడకబెట్టి దాచిపెడుతుందని వాళ్ళావిడ చెవిన వేసింది. అప్పటి నుంచి నేను గేటు తీస్తే చాలు, అత్తయ్యగారు కుర్చీ తెచ్చుకుని నాకూ గేదెకూ మధ్య కూర్చునేవారు. నేను తెచ్చిన పచ్చగడ్డిని మావయ్యగారు పరకా పరకా విడదీసి వాసన చూసేవారు. తవుడు బకెట్ దగ్గర కాసేపు నిలబడ్డానని ఓసారి తవుడంతా పారబోయించారు.

చివరికి ఒకరోజు నెమ్మదిగా అడిగేశారు. "నిజం చెప్పమ్మా. ఇది బతకాలని వస్తున్నావా, పోవాలని వస్తున్నావా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పడానికి అసలే రాలేదు. ఎండ ఎక్కువగా ఉందని ఏదో గొణిగి బస్టాండుకు నడిచాను.

గేదె కోలుకుంది. గూడూరు వైపు ఇంకో గేదె దొరికి నా థీసిస్ కూడా గట్టెక్కింది.

కొన్నేళ్ళ తర్వాత, నేను పాఠాలు చెబుతున్న కాలంలో, మావయ్యగారు ఫోన్ చేశారు. "పోయిందమ్మా. ఇంకా ఎవరికీ చెప్పలేదు. వస్తావా?"

కత్తులు, గ్లౌజులు, సంచులు సర్దుకుని వెళ్ళాను. దంపతులిద్దరూ కొట్టం ముందు కూర్చుని ఉన్నారు. అత్తయ్యగారు తన కుర్చీ నాకు వేశారు. అది ఎన్ని ఈతలు ఈనిందో, ఎవరి చేతికి పాలు చేపేదో చెబుతూ ఉంటే వింటూ కూర్చున్నాను. సాయంత్రం గొయ్యి తవ్వినవాళ్ళు మట్టి వేస్తుంటే నేనూ ఓ పిడికెడు వేసి, సంచి విప్పకుండానే తిరుగు బస్సెక్కాను.

ఆ రోజు కోడూరులో నన్నెవరూ అనుమానించలేదు. నాకే నా మీద అనుమానం వచ్చింది, ఇలాగైతే నేనింక ఎముకలేం పోగుచేస్తానని.