మడికి పనికిరాని హెర్నియా బెల్టు

మా మావయ్య కోటబొమ్మాళి దగ్గర ఓ పల్లెలో శివాలయం అర్చకుడు. ఈమధ్యే ఆయనకి హెర్నియా అని తేలింది. ఆపరేషన్ అయ్యేదాకా బరువులెత్తొద్దని, తప్పదంటే ప్యాడ్ ఉన్న బెల్టు కట్టుకోమని డాక్టరు చెప్పారు. శ్రీకాకుళంలో వెతికి నేనే కొనిచ్చాను.

ఈ పొద్దున వెళ్లేసరికి ఆ బెల్టు వసారాలో మేకుకి వేలాడుతోంది. మావయ్య తడిపంచెతో నూతి దగ్గర అభిషేకం బిందె భుజానికెత్తుకుంటున్నాడు.

"బెల్టేది మావయ్యా?"

"కుట్టుబట్టతో గర్భగుళ్లోకి ఎలా ఎల్తానురా? మడి కదా! ఇంటికొచ్చాక కట్టుకుంటన్నాను."

ఆ కట్టుకోవడమేమిటో అత్త చెప్పింది. బిందెలు మోసేటప్పుడు తీసేస్తాడట. భోంచేసి కునుకు తీసేటప్పుడు మాత్రం బుద్ధిగా బిగించుకుంటాడట.

నాకు నవ్వొచ్చింది. అత్తకి కోపమొచ్చింది.

"రేపు ఆపరేషన్ సేసి పొట్టకే కుట్లేస్తారు. అప్పుడేటి సేస్తారు? పొట్ట ఇప్పి మేకుకి తగిలించి ఎల్తారా గుళ్లోకి?"

మావయ్య మెల్లగా బిందె దించి నావైపు తిరిగాడు.

"ఒరే, ఆ ప్యాంటూ సొక్కా ఇప్పేసి తానం సేసి రా. లోపల ఉతికిన పంచె ఉన్నాది."

అలా ఈ రోజు స్వామి అభిషేకానికి నీళ్లు మోసింది నేను. ప్యాడ్ సంగతి అంత ఆలోచించి కుట్టినవాళ్లకి మడి సంగతి తట్టలేదు పాపం. కుట్టు లేని హెర్నియా బెల్టు ఎక్కడైనా దొరుకుతుందేమో కాస్త చెప్పండి. రేపు కూడా రమ్మన్నాడు.