స్వర్గీయ నర్సమ్మ ఇన్సూరెన్స్

పోయిన నెల ఉప్పల్‌లో మా బిడ్డ ఇన్సూరెన్స్ ఆఫీసు తెరిచింది. మొదటి రోజు వచ్చినవాళ్లంతా చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకొని లోపలికి వచ్చారు. లడ్డూ ఇస్తే ఒక్కరూ ముట్టలేదు. వెళ్లేటప్పుడు "పోయొస్తం" అని కూడా అనలేదు. చావింట్లో ఎట్లా మెలుగుతారో అట్లా మెలిగారు. అదంతా నా నిర్వాకమే.

మా బిడ్డ సుజాత హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్‌లో పదేళ్లు కౌంటర్ దగ్గర పనిచేసింది. ఆ ఉద్యోగం మానేసి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకొని, మెట్రో స్టేషన్ వెనక గల్లీలో ఒక షట్టర్ కిరాయికి తీసుకుంది. మూడు నెలల్లో పాలసీలు రాకపోతే షట్టర్ దించేసి మళ్లీ ఎవరి కౌంటర్ దగ్గరో నిలబడాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ చేశాను.

"సురక్ష అని పెడత నాయినా" అంది.

"మీ అమ్మ పేరు పెట్టు" అన్నాను. నా భార్య నర్సమ్మ పోయి రెండేళ్లయింది.

"అమ్మ పేరు కర్రీ పాయింటుకైతే మంచిగుంటది. ఇన్సూరెన్స్‌కు ఎవరు పెడ్తరు?"

"నేను పెడ్త."

రెండు పూటలు నేను అన్నం ముట్టలేదు. మూడో పూట కంచం నా ముందర పెట్టి, "సరే, పెట్టుకో. గని ఫొటోలు గిట్ల వద్దు. ఉత్త పేరే" అంది.

నాచారంలో నేను ముప్పై ఏళ్లు పనిచేసిన ఫ్యాక్టరీ రోడ్డులోనే ఫ్లెక్సీల షాపు ఉంది. అక్షరాలు నేను రాత్రి బడిలో నేర్చుకున్నాను. పేరు నేనే కాగితం మీద పెద్దగా రాసి తీసుకుపోయాను. ఫొటో కూడా జేబులో పెట్టుకున్నాను. ఉత్త పేరే ఉంటే ఏ నర్సమ్మో ఎవరికి తెలుస్తుంది?

షాపతను ఫొటో చూశాడు. "మామా, ఈమె ఉన్నదా, పోయిందా?"

"పోయింది."

"మరి పేరు ముందల స్వర్గీయ అని ఉండాలె గద?"

ఆలోచించాను. లేని మనిషిని ఉన్నట్టు రాస్తే అబద్ధమే కదా. "పెట్టు" అన్నాను.

"రెండు దిక్కుల దీపాలు, చుట్టూ బంతిపూలు. డిజైన్ రెడీగ ఉన్నది."

"అవి కూడా పెట్టు."

తెల్లారి సుజాత పూజ సామాను తెచ్చేలోపు బోర్డు కట్టించేశాను. ఆమె ఆటో దిగి పైకి చూసింది.

"నాయినా, గిది ఆఫీసా? దినాల టెంటా?"

దించుదామంటే కట్టినవాడు నిచ్చెన తీసుకొని వెళ్లిపోయాడు. అంతలో కంపెనీ ఆఫీసర్ బొకే పట్టుకొని రానే వచ్చాడు. బోర్డు చదివాడు. బొకే సుజాత చేతికివ్వాలో, ఫొటో కింద పెట్టాలో తెలియక గడప పక్కన ఆనించి, నా చెయ్యి పట్టుకొని "ధైర్యంగా ఉండండి" అన్నాడు.

మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లంతా పరామర్శకే వచ్చారు. సుజాత నా వైపు చూడడం మానేసింది. మూడు గంటలకు యాదగిరి అనే ఆటో డ్రైవర్, అతని భార్య వచ్చారు. వాళ్లు నిజంగానే పాలసీ కోసం వచ్చారు. సుజాత హెల్త్ పాలసీ గురించి అంతా చెప్పింది. యాదగిరి విని, బోర్డు వైపు వేలు చూపించాడు.

"అమ్మ దవాఖానాల ఉన్నప్పుడు క్లెయిమ్ మంచిగ వచ్చిందా అక్కా?"

సుజాత తల వంచుకుంది.

"రాలే" అన్నాను నేను.

"అంటే కంపెనీ ఇయ్యలేదా?" అని అతను లేచి నిలబడ్డాడు. అతను అట్లాగే బయటికి పోతే గల్లీ మొత్తం అదే మాట తిరుగుతుంది. షట్టర్ ఆ రోజే దించుకోవాలి.

"కూసో బిడ్డా. కంపెనీ తప్పు లేదు. అసలు పాలసీయే లేదు. ఏజెంట్ మూడుసార్లు ఇంటికొచ్చిండు. నర్సమ్మ చెయ్యి తుడుచుకొని పెన్ను కూడా పట్టుకున్నది. లేని రోగాన్ని కాగితం రాసి పిలుస్తమా అని నేనే ఆ పెన్ను గుంజుకున్న. ఏడాది తిరగకముందే కిడ్నీలు పోయినయ్. దమ్మాయిగూడల కొనుక్కున్న జాగా దవాఖానాకే పోయింది. ఆమె కూడా పోయింది."

బిడ్డ ముందర ఈ మాట అంతవరకు నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. యాదగిరి భార్య ఫారం అతని ముందుకు జరిపింది. "పెట్టు సంతకం. గీ మామ లెక్క ముచ్చట్లు చెప్పుకుంట కూసుంటవా ఏంది?"

మర్నాడే బోర్డు మార్చాం. ఇప్పుడు సురక్ష అనే ఉంది, తెల్ల బోర్డు మీద నీలం అక్షరాలు. నేను మాత్రం రోజూ పదింటికి వెళ్లి ఆఫీసులో కూర్చుంటున్నాను. ఎవరైనా ఆలోచించుకొని వస్తామంటే చాలు, సుజాత వాళ్ల కుర్చీ నా వైపు తిప్పి, "నాయినా, జర చెప్పు" అంటుంది. నేను చెప్తాను. ఫారాలు నిండుతున్నాయి.

నిన్న ఒకాయన నేను పెన్ను గుంజుకున్న మాట దాకా రాకముందే సంతకం పెట్టేశాడు. "పెట్టిన గద పెద్దాయనా, ఇగ ఇడిచిపెట్టు" అన్నాడు.

ఇడిచిపెట్టలేదు. కూర్చోబెట్టి చివరిదాకా చెప్పే పంపాను.