వదిన ఓడిపోయిన పందెం

మా వదిన పోయింది. వానలు ఇంకా వెనక్కి తగ్గని రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున.

అన్న ఫోన్ చేసినప్పుడు నేను భోపాలపట్నంలో మా అంగన్‌వాడీలో పిల్లలకు కిచిడీ వడ్డిస్తున్నాను. "వదినె పోయింది" అన్నాడు. "ఏడికి?" అని అడిగాను. వదిన ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉండేది కాబట్టి ఆ మాట నాకు అలాగే వినబడింది. ఫోన్లో వెనక ఎవరో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అప్పుడు అర్థమైంది.

మిగిలిన పిల్లలకు వడ్డించాను. గిన్నెలు కడిగించాను. తాళం చెవి సహాయికకు ఇచ్చి మా ఊరు మద్దేడు పోయే బస్సు ఎక్కాను. పక్కన కూర్చున్నామె తన కూతురి కాన్పు సంగతి చెబుతుంటే ఊఁ కొట్టాను, మగపిల్లాడా ఆడపిల్లా అని కూడా అడిగాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. ఒంట్లో ఏదో మొద్దుబారిపోయి, ఇంకా తిమ్మిరి వదలనట్టుగా ఉంది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. సరిహద్దుకు ఇవతల, హిందీ రాష్ట్రంలో ఉన్న మా బీజాపూర్ జిల్లా దాటితే ఎవరికీ తెలియదు. జిల్లాలో మాత్రం, ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని ముసలివాళ్ళకు కూడా తెలుసు. ఆమెది తర్రెం దాటి లోపలికి, అడవిలో నడిచిపోవలసిన ఊరు. గోండి మాట్లాడే ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఒక్కతే పెంచి, ఊళ్ళో బడి మూతబడ్డాక బీజాపూర్ హాస్టల్లో వేసింది. అక్కడ వార్డెనమ్మ ఒకనాడు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఉరకమంటే, మిగిలిన వాళ్ళు సగం దూరంలో ఉండగానే ఈమె అవతలి గోడ ముట్టుకుని తిరిగి వస్తోందట. వంద మీటర్లలో, రెండు వందల మీటర్లలో జిల్లాలో ఎవరూ పక్కన నిలబడలేకపోయారు. ఆ తర్వాత ఫుట్‌బాల్ జట్టులో ఎడమ వైపు ఆడమన్నారు. బంతితో ఏం చేయాలో మొదట్లో తెలియదట. దాన్ని ముందుకు తన్నడం, అందరికంటే ముందు పోయి దాన్ని అందుకోవడం, అంతే. అదే సరిపోయింది.

నేనూ అన్నా ఆమెను మొదటిసారి చూసింది మా మద్దేడులోనే. వరికోతలు అయ్యాక సంత వెనక పొలాన్ని చదును చేసి టోర్నమెంటు పెట్టేవారు. మైకు పట్టుకున్నాయన సగం హిందీ, సగం తెలుగు మాట్లాడేవాడు. వదిన గీత పక్కనుంచి బంతితో బయలుదేరగానే "గాడీ ఛూట్ గయీ భాయీ! బండి పోయింది, ఇగ టికెట్ తీసుకొని లాభం లేదు!" అని అరిచేవాడు. జనం నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. గోల్ వేశాక ఎగరడం, చేతులు ఊపడం ఉండేది కాదు. వలలోంచి బంతి తనే తీసి, చంకలో పెట్టుకుని, మధ్య గీత దాకా నడిచి వచ్చి అక్కడ పెట్టేది. ఇంట్లో పని అయ్యాక బిందె దాని చోట పెట్టినట్టు.

ఆ ఏడాది అన్న అన్ని మ్యాచులూ చూశాడు. తర్వాతి ఏడాది పెళ్ళి చేసుకున్నాడు.

మా అమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే పెళ్ళికి వండింది. "మాట రాదు, ముచ్చట రాదు. నిక్కరేసుకొని ఊరి ముంగట ఉరికే పిల్ల. నేనేం జెయ్యాలె దానితోటి?" అనేది. వదినకు అప్పటికి తెలుగు రాదు, హిందీయే. అమ్మకు హిందీ రాదు. కాబట్టి వదిన తెలుగంతా అమ్మ కసుర్ల నుంచే నేర్చుకుంది. రా, పో, కూసో, తిను, మూత పెట్టు, అటు జరుగు. ఇంటికి మా పెదనాన్న వచ్చినప్పుడు చెంబుతో నీళ్ళిచ్చి ఎంతో ప్రేమగా "కూసో. తిను. పో" అన్నది. ఆయన నెత్తి మీది రుమాలు తీసి నవ్వుతూ కూలబడిపోయాడు. అమ్మ కూడా నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. తర్వాత తర్వాత వదిన తెలుగు మా అందరికంటే గట్టిగా మాట్లాడింది కానీ, ఆ ఆజ్ఞలిచ్చే ధోరణి మాత్రం పోలేదు. ప్రేమ ఉన్నచోట ఇంకా ఎక్కువయ్యేది.

పెళ్ళయ్యాక ఆట మానేసింది. మానమని ఎవరూ చెప్పలేదు. అడగడానికి ఆమెకు మాటలు లేవు, ఆడుకోమని చెప్పడానికి అమ్మకు మనసు రాలేదు, అన్న ఇద్దరి మధ్య ఏమనాలో తెలియక ఊరుకున్నాడు. బూట్లు గడ్డివాములో దాచింది.

ఒక మధ్యాహ్నం మా మేక తాడు తెంపుకుని పక్కవాళ్ళ మిర్చి చేను వైపు పరుగెత్తింది. ఆ పక్కవాళ్ళతో మాకు అప్పటికే మాటల్లేవు. అమ్మ అరిచేలోపల వదిన చీర పైకి దోపి గట్ల మీదుగా ఉరికింది. ఒక్కొక్క గట్టూ దాటుతుంటే కాళ్ళు నేలను తాకుతున్నాయా లేదా అన్నట్టుంది. మేక మొదటి మిర్చి మొక్కకు మూతి పెట్టకముందే చెవి పట్టుకుంది. అమ్మ చేతిలో చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వదిన మేకను లాక్కుంటూ తిరిగొచ్చి, తప్పు చేసినట్టు తలవంచుకుంది. అమ్మ ఆమె కాళ్ళ వైపు చూసి, చీర వైపు చూసి, "కుచ్చెళ్ల కాడ చినిగింది. ఇప్పి ఇయ్యి, కుడత" అన్నది. ఆ సాయంత్రమే, కుడుతూ కుడుతూ, తల ఎత్తకుండా "ఆటకు పొయ్యేదుంటే బియ్యం నానబోసి పో" అన్నది.

తను విన్నది నిజమేనా అన్నట్టు వదిన నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె లేచి బియ్యం నానబోసింది. రోజూ పోసేదానికంటే రెండింతలు నానబోసింది.

అప్పటినుంచి జిల్లాలో మళ్ళీ ఆడింది. పాప పుట్టాక కూడా ఆడింది. ఇక ఆమె ఓడిపోయిన ఆ పరుగు పందెం గురించి చెప్పాలి. ఊళ్ళో అందరూ దాన్ని ఒకలాగే గుర్తుపెట్టుకున్నారు కాబట్టి ఇప్పుడైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

పోలీసు భర్తీ అని కబురు వచ్చింది. ఆడపిల్లలు కూడా కావాలి, పరుగు పెడతారు, గెలిచినవాళ్ళకు కొలువు. మద్దేడంతా ఇది వదిన కోసమే వచ్చిందనుకుంది. టీ కొట్టు దగ్గర అన్నకు ముందే మిఠాయి అడిగారు. అన్న సంతోషం చూడాల్సిందే. పొలంలో బోరు ఎండిపోయి ఉంది, ఆ కొలువు వస్తే ఇల్లు నిలబడేది. వదిన సరేనన్నది. పొద్దున్నే లేచి ఉరికింది, అన్నీ సరిగానే చేసింది.

ఆ రోజు అమ్మ కూడా బయలుదేరింది. జన్మలో ఆమె ఒక మైదానానికి పోవడం అదే. అన్నం, టమాట తొక్కు మూటగట్టుకుంది. బీజాపూర్‌లో కంచె బయట ఎండలో నిలబడి చూశాం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన అమ్మాయిలు. చాలామందికి వదిన తెలుసు. ఆమె తమ వరసలో నిలబడిందని చూసి కొందరి ముఖాలు వాడిపోయాయి.

ఈల మోగింది. మొదటి అడుగుల్లో వదినే ముందుంది. సగం దూరానికి ఒకామె పక్కకు వచ్చింది. ఇంకొకామె దాటింది. ఆ తర్వాత అందరూ దాటారు. వదిన గీత దగ్గరికి చివరగా చేరి, పిక్క పట్టుకుని కూర్చున్నది. పరుగు పెట్టించిన పోలీసు సాహెబ్ ఏదో అడిగాడు. ఈమె తల అడ్డంగా ఊపింది.

"కాలు పట్టేసింది" అని బయటికొచ్చి చెప్పింది. అన్న ఆమె ముఖంలోకి చూడకుండా బస్సు ఉందేమో కనుక్కోవడానికి వెళ్ళాడు. అమ్మ మూట విప్పి, ముద్ద కలిపి, "తిను బిడ్డా" అన్నది. వదినను అమ్మ బిడ్డా అనడం నేను అప్పుడే విన్నాను.

ఇంటికి వచ్చాక పెరట్లో అమ్మ నాతో మెల్లగా అన్నది. "ఆమె ఇయ్యాల ఉరకలే. ఆగుకుంట ఆగుకుంట పోయింది."

"ఎందుకమ్మా?"

"ఎందుకో ఆమెకు ఎర్కనే గద. నువ్వడగకు. నేను గూడ అడగ."

అడగలేదు. మిర్చి ఏరే రోజుల్లో వదినే చెప్పింది. చేనులో మేమిద్దరమే ఉన్నాం.

"ఆ కొలువు నేనే పోగొట్టుకున్న, పిల్లా. మీ అన్నకు గూడ చెప్పిన."

పోలీసు బట్టలు వేసుకున్న పిల్లలు, అడవిలో తుపాకులు పట్టినవాళ్ళ భయానికి, తిరిగి తమ ఊళ్ళలో అడుగుపెట్టలేని రోజులవి. వాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా ఊరు వదిలిపెట్టి రావలసి వచ్చేది. వదిన ఏటా ఎండాకాలం దారి ఆరగానే తల్లి దగ్గరికి పోయి వచ్చేది. తల్లి మాత్రం ఆ ఊరు వదిలి ఇటు ఎప్పుడూ రాలేదు. మొగుడిని పూడ్చిన నేల అది, రానన్నది.

"నేను ఖాకీ ఏసుకుంటే ఆ తొవ్వ బంద్ అయితది. ఇగ అమ్మను ఫోటోల చూసుకోవాలె."

"మరి మొదలే రానంటే అయిపోతుండె గద వదినె?"

"రానంటే ఊకుంటరా? ఎందుకు రావు, ఏంది సంగతి, ఎవలకు భయపడ్తున్నవు అని ఇటోళ్లు అడుగుతరు, అటోళ్లు అడుగుతరు. ఓడిపోతే ఎవ్వరు అడగరు."

పక్క మొక్క దగ్గరికి జరిగి మిర్చి ఏరింది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అన్నది. "కాళ్లు నా మాట ఇనలే. ఉరుకుతమంటయి. గట్టిగ పట్టుకున్న. గెలిచిన్నాడు గూడ అంత ఆయాసం రాలేదు నాకు."

అన్న ఆమెతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. తిట్టనూ లేదు. అన్నం పెడితే తిని పోయేవాడు. ఒకనాడు బీజాపూర్ పోయి, బండి వెనక కొత్త ఫుట్‌బాల్ ఒకటి కట్టుకుని వచ్చాడు. వాకిట్లో దింపి, "ఖాలీగనే ఉన్నవు గద. ఆడుకో" అన్నాడు. వదిన ఆ బంతిని రెండు చేతులతో పట్టుకుని ఇంట్లోకి పోయి, చాలాసేపు బయటికి రాలేదు.

ఆ బంతితోనే ఊళ్ళో ఆడపిల్లలకు ఆట మొదలైంది. సాయంత్రం పూట సంత వెనక పొలంలో. నేర్పడం కూడా ఆమె తెలుగులాగే ఉండేది. "పడ్డవా? మట్టి దులుపకు. ఎట్లయిన మళ్ల పడ్తవు" అనేది. ఎవరైనా ఏడిస్తే "ఏడ్వు. ఉరుక్కుంట ఏడ్వు" అనేది. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు జగదల్‌పూర్ దాకా పోయి ఆడుతున్నారు. "నువ్వు ఓడిన పందెం లేదా అక్కా?" అని వాళ్ళెవరైనా అడిగితే, "ఉన్నది. కాలు పట్టేసింది" అనేది. అంతకంటే ఎక్కువ చెప్పేది కాదు. ఊళ్ళో కొందరు పెద్ద పందెంలో భయపడిందని నవ్వేవారు. వాళ్ళ ముందు కూడా అదే మాట.

ఈ వానాకాలం ఆమెకు జ్వరం వచ్చిందని అన్న ఫోన్లో చెప్పాడు. తగ్గిందన్నాడు. మళ్ళీ వచ్చిందన్నాడు. మలేరియా మా దగ్గర కొత్త కాదు, నేనూ మాత్రలు సరిగా వేసుకోమని చెప్పి ఊరుకున్నాను. అది తలకెక్కింది. బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. "ఏమన్నా అన్నదా?" అని అన్నను అడిగాను. "కిటికీ తెరువు అన్నది" అన్నాడు. "తెరిచిన. గాలి మంచిగున్నది అన్నది."

నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె నేర్పిన ఆడపిల్లలు ఆట బట్టల్లోనే వచ్చారు. చీర కట్టుకుని రావాలని ఎవరో ఒకామె వాళ్ళ మీద గొణిగితే, అమ్మ ఆమె వైపు చూసిన చూపుకు ఆ గొణుగుడు ఆగిపోయింది. నేను అందరికీ నీళ్ళు అందించాను. చాపలు పరిచాను. పాప జడ విప్పి మళ్ళీ వేశాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నానికి వదిన తల్లి వచ్చింది. ఇప్పుడు ఆ వైపు రోడ్డు పడింది. వ్యాన్లు తిరుగుతున్నాయి. పొద్దున కబురు పోతే మధ్యాహ్నానికి మనిషి వచ్చేసింది. చిన్న మనిషి, జుట్టంతా తెలుపు. దిగి, నిలబడి, ఇదేనా ఇల్లు అన్నట్టు చూసింది. మద్దేడును ఆమె చూడడం అదే మొదటిసారి. కూతురి పక్కన కూర్చుని గోండిలో ఏదో చెబుతూ అరికాళ్ళు నిమిరింది. గట్టిగా ఏడవలేదు.

అంతా అయిపోయి, జనం వెళ్ళిపోయాక, ఆమె మా చూరు కింద కూర్చుంది. అమ్మ పోయి పక్కన చాప వేసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ ఎదురుపడింది లేదు. ఒకరి సంగతులు ఒకరికి వదినే చేరవేసేది. అమ్మ తెలుగులో మొదలుపెట్టింది. నిన్న పొద్దున వదిన సగం గిలాస గంజి తాగిందనీ, ఉప్పు ఎక్కువైందన్నదనీ, తను నీళ్ళు కలిపి ఇచ్చాననీ. వదిన తల్లి తల ఊపుతూ విని, గోండిలో ఏదో చెప్పింది. చేత్తో ఇంత ఎత్తు అని చూపించింది. అమ్మ ఊఁ అన్నది. మళ్ళీ చెప్పింది. నాకు గోండి కొంచెం వచ్చు. మధ్యలో కూర్చుని ఒకరి మాట ఒకరికి చెబుదామని లేచాను. రెండడుగులు వేసి ఆగిపోయి, గుంజకు ఆనుకుని నిలబడ్డాను.

వాళ్ళు అలాగే మాట్లాడుకుంటున్నారు. ఒకరు ఆగితే ఒకరు. చూరు కిందికి ఎండ జరిగి అమ్మ ముఖం మీద పడింది. వదిన తల్లి మాట ఆపకుండానే చాప అంచు పట్టుకుని, అమ్మతో సహా నీడలోకి లాక్కుంది.