దినాలు కాకముందే విప్పిన యాక్సిల్

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకొక లారీ ఉండేది. యుద్ధం అయిపోయాక పట్టాళం వాళ్ళు వేలం వేసిన బండి. నా చేతికొచ్చేసరికే ఇద్దరు ముగ్గురు దాన్ని ఎద్దును తోలినట్టు తోలి వదిలారు. యజమానిని నేనే, డ్రైవర్నీ నేనే. ప్రొద్దుటూరు మిల్లులకు శెనక్కాయ తోలేవాణ్ణి, అది లేనప్పుడు బండలు, అదీ లేనప్పుడు ఏటి ఇసుక.

ఆ ఏడు శెనక్కాయ ఇంకో నెలకు కళ్ళాల్లోకి వస్తుందనగా, ఇసుకకని పెన్నలోకి దించిన లారీ కూరుకుపోయింది. "కొంచెం లోడు దించుదామన్నా" అన్నారు కూలీలు. నేను వినలేదు. తొక్కి పట్టాను. వెనక బండ పగిలినట్టు చప్పుడైంది. ఇంజను తిరుగుతూనే ఉంది, చక్రాలు మాత్రం కదల్లేదు.

అట్లాంటి లారీల పని తెలిసిన మేస్త్రీ ప్రొద్దుటూరులో ఒక్కడే ఉండేవాడు. ముసల్మాను, నాకంటే బాగా పెద్ద. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. నోరు తెరిస్తే బూతు లేకుండా మూసేవాడు కాదు. వెనక యాక్సిల్ విప్పి, లోపల చెయ్యి పెట్టి, గుప్పెడు ఇనుప ముక్కలు తీసి నా చేతిలో పోశాడు.

"పండ్లన్నీ రాలిపోయినాయి అల్లుడా. మనిషికి పండ్లు రాలితే అంబలన్నా తాపొచ్చు. దీనికేం తాపిస్తావు?"

కొత్త సామాను మద్రాసు నుంచి రావాలి. అది కొనాలంటే లారీనే అమ్మాలి. పాత సామాను కోసం ప్రొద్దుటూరులో, కడపలో ఉన్న గుజిరీ అంగళ్ళన్నీ తిరిగాను. ఒకచోట పెద్ద పళ్ళ చక్రం, క్రౌను అంటారు, అది దొరికింది. దాన్ని తిప్పే పినియను లేదు. ఇంకోచోట పినియను ఉంది, క్రౌను లేదు. రెండూ తెచ్చి కలుపుదామంటే మామ ఒప్పుకోలేదు.

"ఇవి మొగుడూ పెండ్లాం లెక్క. కలిసి అరిగినవే కలిసి తిరుగుతాయి. యాడోళ్ళనో ఈడికి తెచ్చి కట్టేస్తే దినామూ పోట్లాటే."

కొన్నాళ్ళకు ఆయనే ఒక దారి చూపించాడు. పులివెందులలో సరిగ్గా మా రకం లారీ ఉన్న మనిషి జ్వరంతో పోయాడు. దాని వెనక యాక్సిల్ మామే ఏడాది కిందట బిగించాడు. ఇంట్లో తోలేవాళ్ళు లేరు, లారీని విడగొట్టి అమ్మేస్తారు. "నాకు కాకుండా ఇంకొకరికి ఇయ్యరు. పాత ఇనుము ధరకే ఇప్పిస్తా. అయితే దినాలు కానీ. మనిషి పోయిన ఇంటికి అప్పుడే పోయి సామాన్లు అడిగేది మనిషి చేసే పని కాదు. అంతవరకూ ఈ మాట కడుపులో పెట్టుకో."

ఒక మంచి సంగతి తెలిస్తే అది నా గొప్పే అన్నట్టు చెప్పుకోకుండా ఉండలేకపోవడం నాకున్న చెడ్డ గుణం. ఆ వారమే జమ్మలమడుగులో అక్కావాళ్ళింటికి పోయాను. బావకూ అదే రకం లారీ. దాని యాక్సిల్ కొంతకాలంగా మూలుగుతోంది. సంగటి తింటూ అంతా చెప్పేశాను. బావ తల ఎత్తకుండా తింటూ ఒక్కటే అడిగాడు: "యా వీధి?" అదీ చెప్పాను.

దినాలయ్యాక మామా నేనూ పులివెందులకు పోయాం. ఇంటి పక్కన లారీ వెనక భాగం రాళ్ళమీద నిలబడి ఉంది. కింద ఖాళీ. చనిపోయిన మనిషి తల్లి గుమ్మంలోకి వచ్చి మామను చూసి మండిపడింది.

"దినాలన్నా కాకముందే మనిషిని తోలితివి గదప్పా! నా కొడుకు నీ చేతి అన్నం తిన్నోడు."

"నేనా? ఎవర్ని పంపిస్తినమ్మా?"

"నీ పేరు జెప్పి వచ్చినాడు. మేస్త్రీ తోల్నాడు అంటే విప్పుకొని పొమ్మన్యాము. యా ఊరోడో మాకేం తెలుసు? దుఃఖంలో ఉండాము."

మామ నోట బూతు రాలేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

బావ నాకు గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చాడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెనక్కి తోసేశాను. ఒకరు అక్క మొగుడు, ఇంకొకరు పరాయివాడు. అనుమానం సులువైన వైపుకే పోయింది. బస్సులో ప్రొద్దుటూరు చేరాం. మామ షెడ్డు దగ్గర నలుగురు లారీలవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే అడిగాను.

"ఎంతకమ్మినావు మామా?"

"దేన్ని?"

"మాటను."

నలుగురిలో ఒకడు నవ్వాడు. మామ తలగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నా నోట్లో బూతులుంటాయి గానీ, రెండు మాటలుండవు" అని లోపలికి పోయాడు. నవ్వినవాడు నా భుజం తట్టి, పోయినేడు తనకు దొరకాల్సిన టైర్లు కూడా ఇట్లాగే చేయి మారాయేమో అన్నాడు. నాకు న్యాయం జరిగినట్టే అనిపించింది.

శెనక్కాయ కోతలు మొదలయ్యాయి. సీజను పోతే ఇక లారీని తూకానికి వేయాల్సిందే. బావ లారీని రోజు విడిచి రోజు ఇమ్మని అడుగుదామని జమ్మలమడుగు పోయాను. దొడ్లో గొర్రెల దొడ్డి పక్కన ఒక పాత యాక్సిల్ పడి ఉంది. అది బావ లారీదే. బాగా తెలిసిన సామాను.

"ఇది విప్పితే మరి దానికేం బిగించినావు బావా?"

"ఏం బామ్మర్దీ, తెలీనట్టు అడుగుతాండావు. పులివెందల్దే, కడప మేస్త్రీతో బిగిపిస్తి. నువ్వే గదా దారి జెప్తివి!" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "నువ్వు దినాలని కూచుంటివి. దినాలకు యాక్సిల్ ఆగుతాదా?"

అక్క వంటింట్లోంచి వచ్చింది. నా ముఖం చూడలేదు. "నేను వద్దనే అన్నాను రా. ఈ మనిషి ఇంటాడా?"

అంటే అక్కకూ తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ, లారీ ఏమైందిరా అని కబుర్లు పంపుతూ వచ్చింది. బావ చేసిన దానికంటే అదే నాకు లోతుగా దిగింది. అరిచాను. తిన్న ఇంటినే తిట్టాను. బావ ఏమీ అనుకోలేదు. "సరేలే, ఆ పాతది తీసకపో. మూల్గుతాది గానీ పండ్లు గట్టియే. దుడ్లేం వద్దు" అన్నాడు.

తీసుకున్నాను. ఇప్పటికీ మింగుడుపడనిది అదే. మోసం చేసినవాడి మొహాన కొట్టాల్సిన ఇనుమును ఎద్దులబండి మీద వేసుకుని ప్రొద్దుటూరుకు తెచ్చాను. నెలంతా తిరిగినా దొరకని సామాను ఊరికే దొరికింది.

బిగించగలిగినవాడు మాత్రం ప్రొద్దుటూరులో ఆయనొక్కడే. షెడ్డు ముందు దించాను. ఆయన కాదనలేదు, సామాను ఎక్కడిదని అడగనూ లేదు. రెండు రోజులు పనిచేశాడు. ఆ రెండు రోజులూ షెడ్డుకు వేరే లారీ రాలేదు. సామాను చూసిపెట్టమని అడిగేవాళ్ళు కూడా రాలేదు. నేను ఆ నలుగురి ముందు అన్న మాట మిల్లులదాకా పోయిందని అప్పుడు అర్థమైంది.

ఆఖరి బోల్టు బిగించి ఆయన కింద నుంచి బయటికొచ్చాడు.

"పులివెందలకు పోయినోడు ఎవరో తెలిసిందా?"

బావ పేరు చెప్పాలి. చెబితే, బావకు చెప్పిందెవరో కూడా చెప్పాలి.

"లేదు" అన్నాను.

"తెలిస్తే జెప్పు. ఆ ముసిలామె కాడికి పోయి, నేను తోలలేదని ఒగ మాట జెప్పాల. నిద్ర పట్టల్యా నాకు."

"చెప్తాలే."

బావ మోసాన్ని ఇంట్లో ఏళ్ళ తరబడి తలచుకుని తిట్టాను. అక్కతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. నన్ను మోసం చేశారన్న బాధ నిజమే. ఆ బాధ వెనకాల దాక్కుని నేను చేసింది ఎవరికీ కనబడనియ్యలేదు. మామ రెండేళ్ళకు షెడ్డు మూసేసి కడపలో కూతురింటికి పోయాడు. పులివెందుల ముసలామె అంతకు ముందే పోయిందని విన్నాను.

ఆ సీజనంతా లారీ నడిచింది. మొదటి లోడుతో మిల్లుకు పోతూ షెడ్డు ముందు నుంచి వచ్చాను. వెనక యాక్సిల్ మూలుగు విని మామ లేచి నిలబడ్డాడు. చెవి ఇటు పెట్టి, "ఆయిలు చూసుకుంటా ఉండు!" అని అరిచాడు.

"చూసుకుంటా మామా!" అని నేనూ అరిచాను. బండి ఆపలేదు.